అడ్వాన్సు ఎవరి చేతిలో ఉండాలి?

కొండాపూర్‌లో ఫ్లాటు ఖాళీ చేస్తున్నవాళ్లను కదిలిస్తే, అద్దె కన్నా ముందు అడ్వాన్సు గొడవే చెబుతారు. దిగేటప్పుడు రెండు మూడు నెలల అద్దె ముందే కట్టించుకున్న ఓనరు, వెళ్లేటప్పుడు పెయింటింగ్‌కు ఇంత, గీజరుకు ఇంత, గోడకు కొట్టిన మేకులకు ఇంత అని కోసుకొని మిగిలింది పంపిస్తాడు. రెండేళ్లు మనుషులు కాపురమున్న ఇంట్లో గోడలు మాయకుండా ఎలా ఉంటాయని అడగవచ్చు. ఎవరిని అడగాలన్నదే సమస్య.

అద్దె నియంత్రణ చట్టం ఉంది. 1960లో ఉమ్మడి రాష్ట్రం చేసిందే తెలంగాణకూ వచ్చింది. 2005 సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించకుండా పోయింది. ఆ డబ్బుకు మాదాపూర్‌లో ఇల్లు కాదు, హాస్టల్లో మంచం దొరకడమే కష్టం. ఇక మిగిలింది సివిల్ కోర్టు. ఇరవై వేల కోతకు కోర్టెక్కితే వకీలు ఫీజుకే అంతకు మించి అవుతుంది.

పదకొండు నెలల అగ్రిమెంటు సంగతీ అంతే. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా స్టాంపు పేపరుపై నోటరీతో సరిపెడుతున్నారు. అద్దెకున్నవాళ్లకూ అది తేలికే, పిల్లల బడి మధ్యలో అద్దె పెంపు కబురు వచ్చేదాకా.

ఓనర్ల భయాన్నీ కొట్టిపారేయలేం. పాత చట్టాల నీడలో ఏళ్లతరబడి కదలని కిరాయిదార్లను చూసిన తరం అది. 2011 జనగణన నాటికి దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అందులో ఈ భయం వాటా కొంతైనా ఉంటుంది. బ్యాచిలర్లకు ఇవ్వం, శాకాహారులకే అనే షరతులకూ ఇదే సాకు. (శాకాహారమన్న మాట చాటున కులం అడుగుతున్నారని అందరికీ తెలుసు.)

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలలకు పరిమితం చేసింది, తగాదాలకు అద్దె అథారిటీని ప్రతిపాదించింది. గడువు దాటినా ఖాళీ చేయకపోతే రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్ల అద్దె వసూలు చేయవచ్చంది. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే ఇది అమలవుతుంది. పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటున్న బెంగళూరుకు ఆ పరిమితి పెద్ద ఊరట. హైదరాబాదులో మాత్రం చిక్కు మొత్తంలో లేదు. ఆ డబ్బు ఓనరు చేతిలో ఉండటంలో ఉంది. నమూనా చట్టం దాన్ని ముట్టుకోలేదు.

ఇంగ్లండులో 2007 నుంచి, సాధారణ ఇంటి అద్దెలకు తీసుకున్న అడ్వాన్సును ఓనరు ప్రభుత్వ ఆమోదమున్న పథకంలో రక్షణకు పెట్టాలి. పెట్టకపోతే కోర్టు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. లండన్‌లో చదివే మన పిల్లలెందరికో ఇది తెలిసిందే. డబ్బును ఆ పథకమే దాచి ఉంచితే, గోడ పాడైందని రుజువు చూపాల్సింది కోత పెట్టేవాడే అవుతుంది.

ఇది ఓనర్లకు గిట్టదనుకోనక్కర్లేదు. ఎలాగూ తిరిగి రాదన్న అనుమానంతోనే చాలామంది చివరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టి "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. గచ్చిబౌలి ఫ్లాటును న్యూజెర్సీ నుంచి చూసుకునే ఓనరుకు, ఇల్లు నిజంగానే పాడైన రోజున చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. డబ్బు మూడో చోట ఉంటే ఆ ఎగవేతకూ సాకు ఉండదు.