రంగు ఎవరి కోసం?

మొన్న సెలవుల్లో నాకో సరదా పుట్టింది: చెరువులో గాలానికి కట్టడానికి కొయ్యచేప ఒకటి చెయ్యాలని. కొండపల్లి బొమ్మలు చేసే పొనికికర్ర తేలిక గదా అని దాన్నే చెక్కి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, రెండు ముక్కలుగా కోసి తీగెతో కలిపాను. వెండిరంగు పొట్ట, ఆకుపచ్చ వీపు, సన్నకుంచెతో ఒక్కొక్క పొలుసూ, నల్లని కన్ను, పైన వార్నీషు! మూడు రోజులు పట్టింది.

"బొమ్మలకొలువుకు దాచుదామండీ!" అంది మా ఆవిడ.

తీరా నీళ్ళలో వేస్తే వెల్లకిలా పడి తేలింది.

అప్పుడొక మిత్రుడు రాపాలా కథ చెప్పాడు. ఫిన్లాండులో లౌరీ రాపాలా చేపలు పట్టి సంసారం ఈడ్చుకొచ్చేవాడు. పెద్దచేప గుంపునంతా వదిలి, తడబడుతూ ఈదే చిన్నచేపనే కబళించడం ఆయన గమనించాడు. 1936లో బెండుముక్కను చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ల తగరపు కాగితం చుట్టి, ఫోటో నెగెటివులు కరిగించి పూతపూశాడు. ఆయనకు కావలసింది ఆ తడబాటు.

నేనూ పొట్టకు బెజ్జాలు వేసి, సీసపు గుళ్ళు పొదిగి, లప్పంతో పూడ్చాను. ఈసారి చేప నిలబడింది. లాగితే తోక అటూ ఇటూ ఆడింది.

"అయ్యో, సగం పొలుసులు పోయాయే!" అంది మా ఆవిడ.

పోనీ! ఆ పొలుసులు చేప కోసం వేసినవి కావు, నా కోసం వేసుకున్నవి. అవసరం గలవాడు చేపను చూశాడు. తీరిక గలవాణ్ణి, నేను బొమ్మను చూసుకున్నాను.