ఫ్రిజ్ ఎవరిదో అమ్మకం వారిదే

కోక్, పెప్సీల పోరును రుచుల పోటీగా చూడటం మనకు అలవాటు. అసలు పోరు రుచి మీద కాదు. 1975లో మొదలైన ‘పెప్సీ ఛాలెంజ్’లో, పేరు చూపకుండా తాగిస్తే ఎక్కువమంది పెప్సీకే ఓటేశారు. కంగారుపడ్డ కోకాకోలా 1985 ఏప్రిల్‌లో తన ఫార్ములానే మార్చింది. అమెరికన్లు భగ్గుమన్నారు. మూడు నెలలు తిరక్కుండానే పాత కోక్ తిరిగొచ్చింది.

మన దేశంలో కథ ఇంకా తేటగా కనిపిస్తుంది. విదేశీ వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని కోక్ 1977లో వెళ్లిపోయింది. ఆ ఖాళీలో పార్లే వారి థమ్సప్ పెరిగింది. 1990లో పెప్సీ ‘లెహర్ పెప్సీ’గా దిగింది. 1993లో తిరిగొచ్చిన కోక్ వెంటనే థమ్సప్‌ను, లిమ్కాను, గోల్డ్‌స్పాట్‌ను కొనేసింది. గోల్డ్‌స్పాట్ కనుమరుగైంది. థమ్సప్‌నూ పక్కనపెట్టబోయి, ఆ చోటు పెప్సీ పాలవుతోందని గ్రహించి మళ్లీ నెత్తికెత్తుకుంది. చిరంజీవి థమ్సప్‌తో, పవన్ కల్యాణ్ పెప్సీతో మన తెరలమీద కనిపించడం ఆ తర్వాతి ముచ్చట.

ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి చూడండి. గుమ్మం పక్కనే కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్, ఎర్రదో నీలందో. కరెంటు బిల్లు కొట్టాయనది, అరలు కంపెనీవి. వేరే సరుకు కనిపిస్తే సరఫరా బండితో వచ్చినవాడు మొహం మాడుస్తాడు. మండుటెండలో వచ్చినవాడు అడిగేది చల్లటిదే కాబట్టి, ఫ్రిజ్‌లో చోటు లేని సీసా అమ్ముడుపోదు. 1919లో రామచంద్రపురంలో పుట్టిన స్థానిక శీతలపానీయం ఆర్టోస్ గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ నిలిచి ఉండటం నిజంగా గొప్ప సంగతి. ఊరూరా ఉండిన గోలీసోడాలకు ఆ అదృష్టం పట్టలేదు.

ఇద్దరు కొట్టుకుంటే తాగేవాడికి మేలన్న వాదనా నిలవదు. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) ఈ పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. ఆనాడు ‘మాది శుభ్రం, వాళ్లది కాదు’ అని ఏ కంపెనీ అనలేదు. రెండు కంపెనీల పెద్దలూ ఒకే వేదిక మీద కూర్చుని విలేకరులతో మాట్లాడారు. మరుసటి ఏడు సంయుక్త పార్లమెంటరీ సంఘం సీఎస్ఈ చెప్పిందే నిజమంది. లాభానికి ముప్పు వస్తే వీరి వైరం ఒక్కపూట కూడా నిలవదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

2022లో కాంపా శీతలపానీయాన్ని కొన్న రిలయన్స్ ఇప్పుడు పది రూపాయల సీసాతో ఇద్దరినీ కదిలిస్తోంది. అయితే దాని వెనక సొంత దుకాణాలు, లెక్కలేనంత పెట్టుబడి ఉన్నాయి. చిన్న తయారీదారుకు తలుపు తెరుచుకున్నట్టు కాదు. ఆ తలుపు చట్టమే తెరవాలి. కోకాకోలా ఉచితంగా ఇచ్చిన ఫ్రిజ్ తప్ప వేరేది లేని దుకాణంలో, కనీసం 20 శాతం చోటు దుకాణదారు ఇష్టానికి వదలాలని యూరోపియన్ కమిషన్ 2005లోనే కట్టుబాటు చేసింది. మన కాంపిటీషన్ కమిషన్ రెండు కంపెనీలకూ ఆ నియమమే పెట్టాలి, వచ్చే వేసవిలోపే.