అంపైర్ తప్పు చేస్తే అడిగేదెవరు?

మన హాస్టల్ వెనుక మైదానంలో సాఫ్ట్‌బాల్ ఆడిన తమ్ముళ్ళకు ఫస్ట్ బేస్ దగ్గర జరిగే గొడవ గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. బంతి ముందు చేరిందా, కాలు ముందు పడిందా? రెండు జట్లూ గొంతు చించుకుంటాయి. చివరికి పి.ఇ.టి. సార్ ఏదంటే అదే. ఎనిమిదో తరగతిలో జోనల్ పోటీల్లో నన్ను అలాగే అవుట్ ఇచ్చారు. నా కాలే ముందు పడిందని ఇప్పటికీ నా నమ్మకం. (అవతలి జట్టు కుర్రాడికి కూడా అంతే నమ్మకం ఉండి ఉంటుంది లెండి.)

సాఫ్ట్‌బాల్‌కు పెద్దన్న లాంటి ఆట బేస్‌బాల్. అమెరికాలో దానికున్న పిచ్చి మన దగ్గర క్రికెట్‌కు ఉన్నంత. అక్కడి మేజర్ లీగ్‌లో అంపైర్ నిర్ణయాన్ని వీడియోలో మళ్ళీ చూసి సరిదిద్దవచ్చా, కూడదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. పి.జి.లో చేరాక యూట్యూబ్‌లో ఆ పాత ఆటలు చూస్తూ నేనూ ఆ వాదనలో పడ్డాను. ఆ వాదన మనకూ సంబంధించినదే అని నాకు అనిపించింది. ఎందుకో చెబుతాను.

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో ఆట. బౌలింగ్ చేస్తున్నది, అంటే అక్కడి మాటలో పిచ్చర్, వెనిజులా నుంచి వచ్చిన అర్మాండో గలరాగ. ప్రత్యర్థుల్లో ఒక్కడిని కూడా బేస్ చేరనివ్వకుండా వరుసగా 27 మందినీ అవుట్ చేస్తే దాన్ని ‘పర్ఫెక్ట్ గేమ్’ అంటారు. 1880 నుంచి 2023 వరకు అలాంటివి 24 మాత్రమే నమోదయ్యాయి. గలరాగ ఆ రోజు 26 మందిని అవుట్ చేశాడు. 27వ వాడు బంతిని నేల మీదుగా కొట్టి పరిగెత్తాడు. ఫీల్డర్ బంతి అందుకుని విసిరాడు. గలరాగే పరిగెత్తుకొచ్చి బంతి పట్టి ఫస్ట్ బేస్ తొక్కాడు. బ్యాటర్ ఇంకా ఒక అడుగు దూరంలో ఉన్నాడు. అంపైర్ జిమ్ జాయిస్ చేతులు చాపి ‘సేఫ్’ అన్నాడు.

ఆ దృశ్యం చూసినవాళ్ళు ముందు గలరాగ ముఖం చూస్తారు. అతను అరవలేదు, చిన్నగా నవ్వాడు. తిరిగి వెళ్ళి తర్వాతి బ్యాటర్‌ను అవుట్ చేసి ఆట ముగించాడు. లోపలికి వెళ్ళి వీడియో చూసుకున్న జాయిస్ కుమిలిపోయాడు. తప్పు నాదేనని ఒప్పుకుని గలరాగకు క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఆటకు ముందు జట్టు జాబితా కాగితం ఇవ్వడానికి గలరాగే వెళ్ళాడు. అందుకుంటూ జాయిస్ కళ్ళు తుడుచుకున్నాడు.

రీప్లే వద్దనేవాళ్ళు ఈ కథనే తమ పక్షాన చెబుతారు. యంత్రం ఉండి ఉంటే ఆ క్షమాపణ, ఆ మన్నింపు చూసేవాళ్ళమా, మనిషి తప్పు కూడా ఆటలో భాగమే కదా అంటారు. వినడానికి బాగుంటుంది. కాని నాకు మింగుడు పడలేదు. అప్పటి కమిషనర్ బడ్ సెలిగ్ ఆ నిర్ణయాన్ని మార్చలేదు. ఒక కార్ల కంపెనీ గలరాగకు ఖరీదైన కారు బహుమతిగా ఇచ్చింది. అందరూ అతని మంచితనాన్ని పొగిడారు. కారు వచ్చింది, పొగడ్త వచ్చింది, రికార్డు మాత్రం రాలేదు. 2022లో న్యూజెర్సీలోని మన్మత్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దాన్ని పర్ఫెక్ట్ గేమ్‌గా గుర్తించమని మళ్ళీ అడిగారు. అప్పుడూ రాలేదు. నష్టపోయినవాడి ఓర్పును మెచ్చుకుని, నష్టాన్ని అలాగే వదిలేయడం మన వీధుల్లో పుట్టినవాళ్ళకు తెలియని సంగతి కాదు.

నిజానికి ఆ రోజుకే అక్కడ రీప్లే ఉంది. 2008 ఆగస్టులో మొదలుపెట్టారు. కాని హోమ్ రన్ అవునా కాదా అన్నదానికి మాత్రమే వాడాలని గీత గీశారు. యంత్రం ఉంది, దాన్ని అడిగే హక్కు లేదు. 2014లో గాని అవుట్, సేఫ్ వంటివాటికి దాన్ని విస్తరించలేదు. మేనేజర్ సవాలు చేస్తే న్యూయార్క్‌లోని కేంద్రంలో కూర్చున్న అంపైర్లు వీడియో చూసి చెబుతారు. మొదటి ఏడాదే చూసినవాటిలో దాదాపు సగం నిర్ణయాలు మారాయి.

దీనికీ లోపాలున్నాయి, దాచను. ఆట ఆగుతుంది, పిచ్చర్ చెయ్యి చల్లబడుతుంది. జారుతూ వచ్చిన ఆటగాడి కాలు రెప్పపాటు బేస్ మీద నుంచి వెంట్రుకవాసి లేచినా కెమెరా పట్టేసి అవుట్ అంటుంది. ఆ నియమం రాసినవాళ్ళు దాన్ని ఊహించి ఉండరు. అయినా నా ఓటు రీప్లేకే. క్రికెట్‌లో 2008 సిడ్నీ టెస్టు గుర్తున్న పెద్దలను అడగండి. సైమండ్స్ 30 దగ్గర బ్యాట్‌కు తగిలిన క్యాచ్ నుంచి బతికిపోయి 162 కొట్టాడు. అంత జరిగాక కూడా మన బోర్డు 2016 దాకా డి.ఆర్.ఎస్.కు పూర్తిగా ఒప్పుకోలేదు!

బేస్‌బాల్ పద్ధతిలో నాకు బాగా నచ్చింది కెమెరా కాదు. 2015 నుంచి మేనేజర్ సవాలు నెగ్గితే అతని సవాలు అతనికే మిగులుతుంది. సరిగ్గా అడిగినవాడు ఏమీ పోగొట్టుకోడు. 2026 నుంచి బంతి స్ట్రైకా, బాలా అన్నదాని మీద కూడా జట్టుకు రెండు సవాళ్ళు ఇస్తున్నారు. అడగాల్సింది మేనేజర్ కాదు, బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ఈ ముగ్గురిలో ఒకరు. టోపీ మీద చేత్తో తడితే చాలు, కెమెరాల లెక్క తెర మీదకు వస్తుంది.

ఇక నా సంగతి. డిగ్రీ రెండో ఏడాదిలో ఒక పేపర్ రెండు మార్కులతో పోయింది. బాగా రాశానన్న పేపరే అది. రీవాల్యుయేషన్‌కు ఫీజు అమ్మ నాలుగు రోజుల కూలి. గడువు పది రోజులు. అవి నాట్లు అయిపోయి పని దొరకని రోజులు. ఇంట్లో అడగలేదు. నా గదిలో అబ్బాయికి వాళ్ళ అన్న డబ్బు పంపాడు, అతను కట్టాడు, పాసయ్యాడు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, తప్పు దిద్దినవాళ్ళదే అయినా. నేను సప్లిమెంటరీ రాసి గట్టెక్కాను. ఆ పేపర్ పక్కన మెమోలో వేరే నెల ఉంటుంది. పి.జి. అడ్మిషన్ రోజు కౌంటర్‌లో ఆయన దాని మీద వేలు పెట్టి “బ్యాక్‌లాగా?” అన్నారు. మా ఇంట్లో డిగ్రీ మొదట చదివింది నేనే కాబట్టి ఆ మాట అర్థం ఏమిటో అమ్మకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

మళ్ళీ దిద్ది ఉంటే నేను పాసయ్యేవాడినో కాదో నాకు తెలియదు. జోనల్ పోటీల్లో నా కాలు సంగతీ అంతే. కాని పేపర్ విషయంలో చూడడానికి వీలుంది, చూడమని అడిగే దారి ఉంది. ఆ దారికి టికెట్ పెట్టారు. నెగ్గినవాడి ఫీజు వాపసు ఇవ్వాలని, హాస్టల్ విద్యార్థుల దగ్గర ముందుగా వసూలు చేయకూడదని నా అభిప్రాయం. అలా చేస్తే అందరూ అడుగుతారు, పని పెరుగుతుంది అంటారు. బేస్‌బాల్‌లోనూ అదే భయపడ్డారు. ఓడితే సవాలు పోతుంది కనుక అక్కడ ఊరికే అడిగేవాళ్ళు తక్కువ. ఇక్కడ కూడా ఓడినవాడి నుంచి తర్వాత స్కాలర్‌షిప్‌లో మినహాయించుకోవచ్చు.

అది వచ్చేలోగా మేము పాత విద్యార్థులం ఆరుగురం కొంత డబ్బు పోగుచేసి వార్డెన్ గారి దగ్గర ఉంచాం. ఇక్కడ చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న తమ్ముళ్ళు ఎవరైనా సరే, ఫలితాలు వచ్చాక మార్కుల మీద అనుమానం ఉంటే గడువుకు మూడు రోజుల ముందే హాల్ టికెట్ నంబరుతో ఆయనకు పేరు ఇవ్వండి. ఎందుకు తప్పావని ఎవరూ అడగరు.