పెట్టెలన్నీ విప్పేద్దాం

బదిలీ అయి కొత్త ఊరు వెళ్ళినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఒక మాట వినిపిస్తుంది: "మూడేళ్ళేగా, ఆ పెట్టెలు అలాగే ఉండనీ." ఈ మాట సరికాదని నా అభిప్రాయం.

సూరత్‌లోని కతర్‌గామ్‌లో కొత్తగా కట్టిన ఫ్లాట్‌లో దిగాం. అమ్మ పాలు పొంగించి, గుమ్మానికి మామిడాకులు కట్టింది. నా పుస్తకాల పెట్టె మాత్రం రెండు నెలలు మంచం కిందే ఉంది. గది సత్రంలా అనిపించేది.

మా ఎదురింటివాళ్ళు సౌరాష్ట్ర నుంచి వజ్రాలు సానపట్టే పనికి వచ్చారు. కతర్‌గామ్‌లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంత ఊరు వదిలి వచ్చినా, వాళ్ళ హాల్లో ఉయ్యాల బల్ల వేలాడుతోంది. గుజరాతీలో దాన్ని హీంచ్‌కో అంటారు. దానిమీద నన్ను కూర్చోబెట్టుకుని ఆ ఇంటి మాసీ గుజరాతీ అంకెలు నేర్పారు. ఆ సాయంత్రమే నా పెట్టె విప్పాను.

కొత్త సామాను కొనమని నేను అనను. బరువైన బీరువా లారీ ఎక్కి దిగేసరికి సొట్టలు పడుతుంది. ఒక మడత బల్ల, పుస్తకాలకు ఒక అర, పాత స్నేహితుల ఫొటో చాలు.

మిత్రులారా, బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు. అది వచ్చేదాకా ఇది మన ఇల్లే. పెట్టెలు మళ్ళీ కట్టుకోవడానికి ఒక్క రోజు చాలు.