నోట్లో చేయి పెట్టే కొలువు.. కష్టకాలంలో ఎలా నిలబడింది?

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అన్న మాట 2020లో పల్లెలకూ పాకింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ పట్టుకొని సొంతూళ్లకు వచ్చేశారు. మీలో చాలామంది ఆ ఏడాది స్కూలు పాఠాలు ఫోన్‌లోనే విని ఉంటారు. కానీ ఒక పని మాత్రం ఏ యాప్‌లోనూ జరగలేదు. పుచ్చిన పన్ను తీయాలంటే రోగి మాస్కు తీయాలి, నోరు తెరవాలి. డాక్టర్ జానెడు దూరంలో కూర్చొని, వైరస్ ఉండే చోటనే చేతులు పెట్టాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ‘జీతం ఎంత? ప్లేస్‌మెంట్ ఉందా?’ అని అడుగుతాం. అడగాల్సిందే. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: అన్నీ మూతబడిన రోజున ఈ వృత్తి ఏం చేసింది? దంత వైద్యం విషయంలో జవాబు కాస్త చేదుగానూ, చాలా ఉపయోగకరంగానూ ఉంటుంది.

బస్సు లేని రోజుల్లో పంటి నొప్పి

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. పళ్లు శుభ్రం చేయడం, క్లిప్పులు వేయడం, కట్టుడు పళ్ల కొలతల వంటి మామూలు చికిత్సలన్నీ వాయిదా పడ్డాయి. అత్యవసరమైతేనే చూడాలన్నది నియమమైంది.

ఇప్పుడు జనగామ జిల్లా కొడకండ్ల లాంటి మండల కేంద్రాన్ని ఊహించుకోండి. దవడ వాచి, రాత్రంతా కునుకు లేని మనిషి తొర్రూరుకో, జనగామకో, వరంగల్‌కో పోవాలి. పోయేందుకు బస్సు లేదు. నొప్పి గోలీ వేసుకొని, లవంగం పెట్టుకొని ఓర్చుకోవడం తప్ప చేసేదేముంది? పంటి నొప్పితో ప్రాణం పోదులే అనుకుంటాం. అది నిజం కాదు. పంటి కింది చీము గొంతు వైపు దిగితే శ్వాస ఆగే ప్రమాదం ఉంది. జ్వరంతో ముఖం వాచినా, మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా గంటలు లెక్కపెట్టుకొని ఆస్పత్రికి చేరాల్సిందే.

అదే ఏడాది అక్టోబరు 31న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కొడకండ్లలోనే రాష్ట్రంలో తొలి రైతు వేదికను ప్రారంభించారు. ఐదు వేల ఎకరాలకో క్లస్టర్, దానికో విస్తరణాధికారి, కూర్చొని మాట్లాడుకోవడానికో భవనం. రాష్ట్రమంతటా 2,601 వేదికలు. పంటకు తెగులొస్తే అడిగేందుకు ఊరి దగ్గరే ఒక మనిషి ఉండాలని ప్రభుత్వం అనుకుంది. మంచిదే. పంటికి తెగులొస్తే అడిగేందుకు ఎవరున్నారు? ఈ ప్రశ్న దగ్గరే మీ కెరీర్ ముచ్చట కూడా మొదలవుతుంది.

క్లినిక్‌లో మారిన పని

పన్ను అరగదీసే ఏరోటార్ నిమిషానికి మూడు లక్షలకు పైగా తిరుగుతుంది. వేడెక్కకుండా దాని మీద నీళ్లు చిమ్ముతాయి. ఆ నీళ్లు లాలాజలంతో, రక్తంతో కలిసి సన్నని తుంపరగా గాలిలో తేలుతాయి. అందుకే దంత వైద్యులు, వారి సహాయకులు ప్రమాదం అంచున పనిచేశారు.

2020 మే 19న కేంద్ర ఆరోగ్య శాఖ దంత వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణ జిల్లాల్లో బస్సులు మళ్లీ కదిలిందీ ఆ రోజే. కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్‌లు మూసి ఉంచాలి, మిగతా చోట్ల అత్యవసర చికిత్సలకే పరిమితం కావాలి అన్నది వాటి సారాంశం. ముందుగా ఫోన్‌లో లక్షణాలు అడగడం, రోగికి రోగికి మధ్య సమయం వదలడం, చికిత్సకు ముందు పుక్కిలింపజేయడం, పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ కట్టడం, తుంపరను లాగేసే బలమైన సక్షన్ వాడటం, ఎన్95 మాస్కు, ఫేస్ షీల్డు.. ఇలా క్లినిక్ దినచర్యే మారిపోయింది.

ఈ జాబితాను మళ్లీ చదవండి. ఇందులో డాక్టర్ ఒక్కరే చేసేవి ఎన్ని? ఫోన్‌లో ఎవరిని వెంటనే రమ్మనాలో తేల్చేది ముందు కూర్చున్న సిబ్బంది. సక్షన్ పట్టేది అసిస్టెంట్. పరికరాలు కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టేది, వ్యర్థాలను రంగుల సంచుల్లో వేరుచేసేది సహాయకులే. వాళ్లలో ఒక్కరు అలసత్వం చూపినా డాక్టర్ నైపుణ్యం రోగిని కాపాడలేదు.

బ్లాక్ ఫంగస్ నేర్పింది

2021 మేలో రెండో వేవ్ వెంట మ్యూకర్‌మైకోసిస్ వచ్చింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దానికి నోడల్ కేంద్రమైంది. కొందరిలో తొలి గుర్తులు నోట్లోనే కనిపించాయి. ఉన్నట్టుండి పై పళ్లు కదలడం, అంగిలి నల్లబడటం, పై దవడ నొప్పి. షుగర్ అదుపులో లేక, కొవిడ్‌కు స్టెరాయిడ్లు వాడిన మనిషి ఈ బాధతో వస్తే ‘పన్ను తీసేద్దాం’ అని సరిపెట్టకుండా అనుమానించిన దంత వైద్యులు ప్రాణాలు కాపాడగలిగారు. పై దవడ తీసేయాల్సి వచ్చినవారికి తినడానికీ మాట్లాడటానికీ అంగిలి ఖాళీని మూసే అమరిక చేసిచ్చింది కూడా ఈ రంగమే.

మరి మీ సంగతి?

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. నీట్‌తో ప్రవేశం. దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. పట్నాల్లో వీధికో క్లినిక్ ఉంది కాబట్టి కొత్తవారికి తొలి జీతాలు తక్కువే. ఇది దాచితే మీకు అన్యాయం చేసినట్టే. ఎంబీబీఎస్ సీటు రాలేదని మాత్రమే ఇందులో చేరితే ఐదేళ్లు భారంగా గడుస్తాయి.

ఇంటర్ సైన్స్ తర్వాత రెండేళ్ల డెంటల్ హైజీనిస్ట్, డెంటల్ మెకానిక్ డిప్లొమాలు ఉన్నాయి. తొడుగులు, కట్టుడు పళ్లు చేసే ల్యాబుల్లోకి కంప్యూటర్ డిజైన్, త్రీడీ ప్రింటింగ్ వచ్చాయి. డిగ్రీ చదువుతున్నవారికి స్టెరిలైజేషన్, ఆస్పత్రి పరికరాల మరమ్మతు, బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ వంటి పనులున్నాయి.

చేరేముందు మూడు పనులు చేయండి. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో అధికారిక జాబితాలో చూడండి. ఓపీకి రోజూ ఎంతమంది రోగులు వస్తారో సీనియర్లను అడగండి, రోగులు లేని కాలేజీలో చేయి తిరగదు. దగ్గర్లోని క్లినిక్‌లో అనుమతి తీసుకొని రెండు రోజులు కూర్చోండి. పనిలో చేరేవారైతే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తిచేసుకోండి, మాస్కులూ గ్లోవ్స్ ఎవరు కొంటారో ఇంటర్వ్యూలోనే అడగండి. అలా అడగడం తలబిరుసు కాదు.

ఇక సర్కారు వంతు. 2025లో తెలంగాణ వైద్య విధాన పరిషత్ ఆస్పత్రులకు 48 డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాష్ట్రంలో మండలాలు ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఒక పక్క కొలువు దొరకని బీడీఎస్‌లు, మరో పక్క పన్ను చూపించుకోవడానికి బస్సెక్కే పల్లె జనం. ఈ రెంటినీ కలపాలంటే మండలానికో పంటి కుర్చీ, దాని పక్కన ఒక డాక్టర్, ఒక శిక్షణ పొందిన సహాయకుడు కావాలి. మళ్లీ బస్సులు ఆగే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు. ఏర్పాటు మాత్రం ఇప్పుడే చేయాలి. ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చేవాళ్లను ‘ఎన్ని నోటిఫికేషన్లు?’ అని అడగడంతో ఆపకండి. ‘ఆ పోస్టులు ఏ ఊరికి?’ అని కూడా అడగండి.