గర్భసంచి ఆపరేషన్: ప్రార్థించే ముందు ఒక మాట అడుగుదాం

"అయ్యగారూ, గురువారం గర్భసంచి ఆపరేషన్ ఉంది, ప్రార్థన చేయండి." అనంతపురం పల్లెల్లో స్త్రీల కూడికలకు వెళ్లే కాపరులకు ఈ మనవి కొత్త కాదు. ప్రార్థిస్తాం. కానీ "ఎందుకమ్మా తీస్తున్నారు? ఇంకో డాక్టరుకు చూపించావా?" అని అడగం. ఆడవాళ్ల విషయం కదా అని మొహమాటపడతాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురు గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిది. దేవుడు మన ఆడబిడ్డల శరీరాలను వేరుగా సృజించలేదు. మరి ఈ తేడా ఎక్కడిది?

మన దగ్గర పెళ్లి తొందరగా అవుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో నూటికి 70 మంది దాకా అది చేయించుకున్నవారే. ఆ తరువాత గర్భసంచితో పనేముందని ఇంట్లోవాళ్లే అంటారు. తెల్లబట్టో, అధిక రక్తస్రావమో మొదలైతే ఊళ్లోని ఆర్‌ఎంపీ పట్టణంలోని నర్సింగ్ హోమ్‌కు పంపుతాడు. "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అనే ఒక్క మాట చాలు, అప్పు చేసైనా తీయించుకుంటారు. వానలు లేక, శనక్కాయ పంట ఎండిపోయి, బెంగళూరు కట్టడం పనులకు వలసపోయే తల్లికి నెలనెలా కూలి పోగొట్టుకునే స్తోమత ఉండదు. ఆమెను నిందించలేం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకం ఎందరో పేదల ప్రాణాలు కాపాడింది. అయితే ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు వచ్చే చోట అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు జరుగుతున్నాయన్న ఆరోపణలూ వచ్చాయి. పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది.

వైద్యులందరూ దురాశపరులని కాదు. క్యాన్సర్, గర్భసంచి జారడం, మందులకు లొంగని రక్తస్రావం వంటివాటికి ఈ ఆపరేషన్ అవసరం కావచ్చు. కానీ తెల్లబట్ట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చేదే, మందులతో నయమవుతుంది. అధిక రక్తస్రావానికీ మాత్రలు, హార్మోన్ లూప్ వంటి మార్గాలున్నాయి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా వస్తుంది; ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుంది. ముప్పై అయిదేళ్ల కూలి తల్లికి ఆ ఎముకల బలమే జీవనాధారం.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలన్నది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగం. మన జిల్లాలో ఆ కమిటీ పనిచేస్తోందా అని అడిగే హక్కు మనకుంది.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీని జ్ఞాపకం చేసుకోండి. పన్నెండేళ్ల రక్తస్రావం. ఎందరో వైద్యులను ఆశ్రయించింది, ఉన్నదంతా ఖర్చయింది, జబ్బు ఇంకా ముదిరింది. యేసు ఆ జనసమూహం మధ్య ఆగాడు. ఆమె తన సంగతంతా చెప్పుకొనే వరకు విన్నాడు. కుమారీ అని పిలిచాడు. ఆ రోగం గురించి నలుగురిలో వినడానికి ప్రభువు సిగ్గుపడలేదు.

కాబట్టి సంఘాలు ఈ పనులు చేయవచ్చు. స్త్రీల సమాజం నెలకొకసారి ఏఎన్‌ఎమ్‌నో, లేడీ డాక్టరునో పిలిపించి ఈ సంగతులు మాట్లాడించాలి. ఆపరేషన్ అన్నప్పుడు ప్రభుత్వాసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవడానికి ఒక సహోదరి తోడు వెళ్లాలి. బస్సు చార్జీ, ఆ రోజు కూలి సంఘం భరించాలి. భర్తలకూ ఈ మాట చెప్పాలి.

ఇప్పటికే ఆపరేషన్ అయిన తల్లులారా, మీలో లోపమేమీ లేదు. నడుంనొప్పి, వేడి ఆవిర్లు ఉంటే ఓర్చుకొని ఊరుకోకండి, వైద్యం చేయించుకోండి. మీ అనుభవాన్ని మీ కోడళ్లకు, కూతుళ్లకు చెప్పండి.