తోట అడవి కాదు

శ్రీరామనవమికి ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు యాత్రికుడు గోదావరి వంతెన నెక్కుటకు ముందు సారపాకయొద్ద నొక పెద్ద కాగితపు మిల్లును చూచును. దాని ద్వారమునొద్ద బెరడు తీసిన జామాయిలు దుంగలను, సుబాబుల్ కట్టెలను మోయు లారీలు బారులు తీరి నిలిచియుండును. నదికి ఆవలి యొడ్డున ఆలయశిఖరము. ఈవలి యొడ్డున పొగగొట్టము. యాత్రికుడు శిఖరమును చూచి చేతులు జోడించును. పొగగొట్టమును చూచి, ఈ మారుమూల సీమకును పరిశ్రమ వచ్చినది కదా యని సంతోషించును. ఆ రెండింటిని చుట్టుకొనియున్న యడవిని గూర్చియు, అందు బ్రదుకు కోయవారిని గూర్చియు అతనికి తలంపు రాదు. ఆ తలంపును పుట్టించుటకే యీ నాలుగు మాటలు.

నాటిన చెట్ల లెక్క పెరిగినచో అడవి బ్రతికినట్లేయని మన ప్రభుత్వములును, పరిశ్రమాధిపతులును చెప్పుచున్నారు. చదువుకొన్న మనము నమ్ముచున్నాము. ఇది పొరపాటు. అడవిని కాపాడునది చెట్ల లెక్క కాదు. నిలిచియున్న చెట్టుమీద, దాని నీడను బ్రదుకువానికి గల హక్కే అడవిని కాపాడును. ఆ హక్కు లేనిచోట ఎన్ని మొక్కలు నాటినను, ఎన్ని ముద్రలు వేసినను, అది పంటచేనే కాని వనము కానేరదు.

న్యాయముగా చెప్పవలెనన్న, పూర్వముకంటె నేటి స్థితి కొంత మేలు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దములలో మన కాగితపు మిల్లులు చాలవరకు వెదురుమీదనే బ్రదికినవి. ఆ వెదురును సర్కారు అడవులనుండి నామమాత్రపు ధరకు ఇచ్చెడివారు. కర్ణాటక సీమలోని దండేలి మిల్లునకు 1958లో టన్ను వెదురును రూపాయిన్నరకు ఒప్పగించిరి. బుట్టలల్లుకొను మేదరివాడు మాత్రము అంగడిలో అంతకు ఎన్నియో రెట్లు చెల్లించి కొనవలసినదే. ఊరక వచ్చినదానిని పదిలముగా వాడువా డెవ్వడు? వెదురుపొదలు తరిగిపోయిన పిమ్మటగాని ఏలికలకు కన్నులు తెరవబడలేదు. పరిశ్రమలు రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని తమ ముడిసరకును పండించుకొనవలెననియు, అటవీసంపదను చవుకధరల కిచ్చు ఆచారమును మానవలెననియు 1988 నాటి జాతీయ అటవీ విధానము శాసించెను. 1979లో ఉత్పత్తి నారంభించిన సారపాక మిల్లువారు మేలైన జామాయిలు క్లోనులను రూపొందించి రైతుల పొలములలో నాటించిరి. నాలుగైదేండ్లలో కోతకు వచ్చు ఆ మొక్కలు భద్రాచలము క్లోనులని దేశమంతట పేరు పొందినవి. అడవిని నరికి కాగితము చేయుటకంటె పొలములో పండిన కట్టెతో చేయుట ఎంతయో మేలు. ఈ మాట ఒప్పుకొననివానికి ఈ చర్చలో చోటు లేదు.

కాని మోసము ఇచ్చటనే ప్రవేశించినది. రైతు పొలములోని జామాయిలు ఒక పంట. దానిని పంట యనుడు. ఎవ్వరికిని ఆక్షేపణ లేదు. దానిని అడవి యనుటయే అసత్యము. భారత అటవీ సర్వే సంస్థవారు తమ నివేదికలలో, హెక్టారునకు తక్కువ గాని స్థలమున నూటికి 10 పాళ్లు చెట్లనీడ యున్నచో, ఆ చెట్టు ఏ జాతిదైనను, ఆ నేల ఎవ్వరిదైనను, దానిని అటవీ విస్తీర్ణములోనే చేర్చి లెక్కించుచున్నారు. ఆ లెక్కలో మామిడితోటయు అడవియే, జామాయిలుతోటయు అడవియే. ఒకచోట తాతలనాటి ఇప్పచెట్లు కూలి, మరియొకచోట జామాయిలు మొలచినచో పుస్తకములో అడవి తరగదు. ఇల్లు కాలినవానికి పొరుగూరిలో గుడిసె లేచినదని చెప్పి ఓదార్చుట యెట్టిదో ఇదియు నట్టిదే.

పొలములతోనే ఆగినను కొంత నయము. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ రిజర్వు అడవులనే కౌలునకు పుచ్చుకొని, అందున్న పలుజాతుల చెట్లను తొలగించి, సత్తుపల్లి, పాల్వంచ, కొత్తగూడెము ప్రాంతములలో జామాయిలు తోటలు వేసినది. కోయవాని సంవత్సరము చెట్లతో నడచును. వేసవి మొదట ఇప్పపూవు రాలును, ఆ వెనుక తునికాకు కోతకు వచ్చును, పిమ్మట ఇప్పపలుకులు, వానకారున వెదురుకొమ్ములు, ఆయా ఋతువులందు తేనె, కుంకుడు, చింతపండు, ముష్టిగింజలు, చిల్లగింజలు, తపసిజిగురు, విస్తళ్లు కుట్టుకొనుటకు అడ్డాకు. జామాయిలుతోటలో వీనిలో ఒక్కటియు దొరకదు. దాని ఆకును పశువైనను ముట్టదు. అడవి తోటయైనచోట గిరిజనునకు మిగిలినది మొక్కలు నాటు కూలియు, కట్టె నరకు కూలియు మాత్రమే.

ఇందుకు మన పెద్దలు కొందరు వెంటనే ఒక బదులు చెప్పుదురు: "అడవిని పాడుచేయువారు మిల్లువారు కారు, పోడు కొట్టు కోయవారే." పోడువలన అడవి తరుగుట లేదని నేననను. కాని వేసిన తోటను గొడ్డలితో కాచుకొమ్మని ప్రభుత్వమునకును, బ్రదుకుటకు నేలను వెదకుకొమ్మని గిరిజనునకును ఒకే స్థలమును చూపినప్పుడు జరుగున దేమి? 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున జరిగినది మనకు తెలియును. నాటిన మొక్కలను కాపాడబోయిన అటవీ రేంజి అధికారి గొత్తికోయల చేతులలో హతుడయ్యెను. కర్తవ్యమును నెరవేర్చబోయి ప్రాణములు విడిచిన ఆ యుద్యోగికి మన శిరస్సు వంగవలెను. ఆ హత్యకు సమర్థన లేదు. కాని ఛత్తీసుగడులోని పోరాటములకు వెరచి 2005 తరువాత ఇచ్చటికి పరుగెత్తి వచ్చి, ఇచ్చట గిరిజనులుగా నైనను గుర్తింపబడక, ఏ కాగితమును లేక అడవినడుమ బ్రదుకు జనుల గతియేమని అడుగుట గూడ మన ధర్మమే. ఆనాడు చిందిన రక్తము ఒక మనుష్యుని క్రూరత్వమువలన మాత్రమే చిందలేదు. హక్కు తేలని నేలపై మొక్కల లెక్క తేల్చబోయిన విధానమువలన గూడ చిందినది.

కోయవాడు స్వభావముచేతనే చెట్టునకు శత్రువనువారికి తపసిచెట్టు కథ చెప్పెదను. ఈ మన్యములలో తపసిచెట్టునుండి స్రవించు జిగురును కట్టుడుపళ్లను అతికించు పొడులలోను, ఔషధములలోను, ఆహారపదార్థములలోను వాడుదురు. దూరదేశములకు ఎగుమతియగు సరకు ఇది. పూర్వము జిగురు తీయువాడు గొడ్డలితో మ్రానును లోతుగా చెక్కి, బెరడంతయు ఒలిచి, దొరకినదంతయు ఒక్కమారే తీసికొనెడివాడు. చెట్టు కొలది యేండ్లలో ఎండి చచ్చెడిది. ఏల అట్లు చేసెను? మట్టి కలిసిన జిగురునకును, శుభ్రమైన జిగురునకును వర్తకు డొకటే ధర యిచ్చెను. ఈ యేడు తాను వదలిన చెట్టును మరునా డెవ్వడో చెక్కును. తరువాత గిరిజన సహకార సంస్థయు, కొన్ని సేవాసంఘములును చిన్న గాటు పెట్టు పద్ధతిని నేర్పి, శుభ్రమైన సరకునకు మేలైన ధర యిచ్చినచోట ఆ చేతులే చెట్టును కాచినవి. మనిషి మారలేదు, జాతి మారలేదు. ధర మారినది, మరుసటి యేటిమీద ఆశ పుట్టినది. అంతే.

తునికాకు కథ దీనికి తలక్రిందు. ఆ వర్తకము 1971 చట్టముతో సర్కారు గుత్తములోనికి వచ్చెను. వేసవి యెండలో ఆలుబిడ్డలతో పోయి, ఏబది యాకుల కొక కట్ట కట్టి కల్లమునకు చేర్చువానికి కట్టల లెక్కన కూలి. వేలములో పాడుకొన్న కాంట్రాక్టరునకు ఆకు. కాంట్రాక్టరునకు ఆ వేసవితోడనే పని. మరుసటి యేడు ఆ యూనిట్టు మరియొకనిది. కనుకనే చిగురు బాగుగా వచ్చునని అడవికి నిప్పు పెట్టు దురాచారము నేటికిని నశింపలేదు. ఆ మంటలో మాడు పసిమొక్కల ఖరీదు ఏ వేలములోను లెక్కకు రాదు.

ఇక నాగరికులు నమ్ముకొన్నది ముద్ర. 1993లో స్థాపితమైన ఫారెస్టు స్టీవార్డుషిప్ కౌన్సిలు వంటి సంస్థలు తోటలను పరీక్షించి, "ఇది అడవిని చెరుపక చేసిన కాగితము" అని ముద్ర వేయుచున్నవి. మంచి ప్రయత్నమే. ముద్ర లేని కాగితముకంటె ఉన్న కాగితము మేలు. కాని 1994 నవంబరు తరువాత సహజారణ్యమును తోటగా మార్చినచో ముద్ర లేదని మొదట నియమము చేసికొన్నవారే, 2023లో ఆ గడువును 2020 డిసెంబరు చివరకు జరిపి, మునుపటి నష్టమునకు ప్రాయశ్చిత్తము చేసికొన్నవారికి ద్వారము తెరచిరి. ఐరోపా సమాజము 2023లో చేసిన చట్టమును గూడ, అదే 2020 గడువును పెట్టుకొనియు, అమలు చేయుటను ఒకటికి రెండుమార్లు వాయిదా వేసిరి. తేదీని మనుష్యులు జరుపగలరు. కూలిన ఇప్పచెట్టును నిలుపలేరు. ముద్ర కొనువాని మనస్సునకు శాంతి నిచ్చును. అడవిలోనివానికి హక్కు నిచ్చునది చట్టమే.

ఆ చట్టము మనకు లేకపోలేదు. 1996 నాటి పీసా చట్టము చిన్నతరహా అటవీఫలములపై గ్రామసభలకు స్వామ్యము నిచ్చెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును, తునికాకును పేరు పెట్టి చెప్పి, వానిపై అడవివాసులకు స్వామ్యమును, తమ అడవిని తామే కాచుకొను సామూహికాధికారమును ప్రసాదించెను. తెలంగాణములో 2023లో సుమారు 4 లక్షల ఎకరములకు పోడుపట్టాలు ఇచ్చిరి. అది వ్యక్తులకు దున్నుకొనుటకు ఇచ్చిన హక్కు. నిలిచియున్న అడవిపై ఊరునకు ఈయవలసిన సామూహికపు హక్కు విషయమున ఆ వేగము కానరాదు. దున్నిన నేలకు పట్టా, కాచిన వనమునకు ఏమియు లేదు! ఇట్టి న్యాయము చూచినవాడు గొడ్డలి నెత్తుకొనక మరేమి చేయును?

"గ్రామసభకు అప్పగించినచో ఉన్నది గూడ అమ్ముకొందురు" అని భయపడువారు గోదావరికి ఎగువను, మన పొరుగుననే యున్న గడ్చిరోలి జిల్లాను చూడవలెను. అచ్చటి మేంఢా లేఖా అను గోండుపల్లె 2011లో తన వెదురును తానే అమ్ముకొను అధికారమును, రవాణాపత్రములను తానే వ్రాసికొను పుస్తకమును సంపాదించెను. ఆ పల్లె తన అడవిని ఊడ్చివేయలేదు. ఏ పొదను ఎప్పుడు కొట్టవలెనో సభ కూర్చుండి నిర్ణయించుకొనెను. గడ్చిరోలి గోండులకు సాధ్యమైనది భద్రాద్రి కోయవారికి అసాధ్యమా?

కావున చేయవలసినవి స్పష్టములు. తోటల లెక్కను అడవుల లెక్కనుండి వేరుచేసి ప్రకటింపవలెను. రిజర్వు అడవిని తోటగా మార్చుట ఆగవలెను. మిల్లునకు కావలసిన కట్టె పొలములనుండియే రావలెను. ఆ రైతునకును కోతనాటి ధర నాటుననే వ్రాతపూర్వకముగా నిశ్చయింపవలెను. కట్టె కోతకు వచ్చినపుడు మిల్లువాడు చెప్పినదే వేదమైనచో రైతు మరల ఆ మొక్కను నాటడు. తునికాకును, జిగురును, వెదురును అమ్ము అధికారము గ్రామసభకు చేరవలెను. 2014లో రాష్ట్రము రెండైనపుడు కూనవరము, చింతూరు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. సరిహద్దు మారినను అడవి యొక్కటే. హక్కును ఒక్కటే కావలెను.

మన గృహములమాట మరువరాదు. పిల్లల పుస్తకములు, పెండ్లి పత్రికలు, అంగడి పెట్టెలు, మీ చేతనున్న ఈ పుటయు ఏదో యొక చెట్టు మేనే. రెండువైపుల వ్రాయుడు, వృథా చేయకుడు, కొనునపుడు ఈ కట్టె ఎచ్చటిదని అడుగుడు. ముద్రను చూచి తృప్తిపడక, ఆ ముద్రవెనుక ఏ గ్రామసభ యున్నదని గూడ అడుగుడు. వచ్చు నవమికి వంతెన దాటునపుడు శిఖరమునకు జోడించిన చేతులు ఇంటికి వచ్చిన పిమ్మట మీ శాసనసభ్యునకు ఒక లేఖ వ్రాసినచో, ఆ లేఖకు పోయిన కాగితమైనను సార్థకమగును.